కారులోని బటనా, చేతి రిమోటా, ఫోనా? విశాఖ ఇళ్ల గేటు మోటారుకు ఏది నప్పుతుంది

లాసన్స్ బే కాలనీలో ఉంటున్న మా బావగారు నిరుడు ఒకరు వాడిన జర్మన్ కారు కొన్నారు. దాని లోపలి అద్దం అడుగు అంచున మూడు చిన్న బటన్లు, వాటి పక్కన ఇంటి బొమ్మ ఉన్నాయి. ఆ బటన్ నొక్కితే గ్యారేజి తలుపు తెరుచుకుంటుందని అమ్మినవారు చెప్పారట. బావగారు వారం రోజులు నొక్కి చూసినా ఇంటి గేటు అంగుళం కదలలేదు. ఆ బటన్లకు గేటును పరిచయం చేసే పని నా మీద పడింది. పనిలోకి దిగాక తెలిసినదేమిటంటే, కారు బటన్‌కు నేర్పడం ఎలా అన్నది రెండో ప్రశ్న. గేటు మోటారు పెట్టెలో ఉన్న రిసీవరు, అంటే రిమోట్ సంకేతాన్ని అందుకునే భాగం, ఏ రకం అన్నది మొదటి ప్రశ్న. దాన్ని చూడకుండా కారు బటన్‌కూ, చేతి రిమోట్‌కూ, ఫోన్‌కూ మధ్య ఎంచుకోవడం తాళంకప్ప చూడకుండా తాళంచెవి కొనుక్కోవడమే.

ఈ సలహా సొంత ఇల్లు ఉండి, దానికి మోటారు బిగించిన స్లైడింగ్ గేటో, కింద కారు పెట్టే గదికి మోటారు షట్టరో ఉన్నవారికి. మధురవాడ వైపు పెద్ద అపార్టుమెంటుల్లో ఉండేవారికి దీనితో పెద్దగా పని లేదు. అక్కడ అసోసియేషన్‌వారు అద్దానికి అంటించే ట్యాగ్‌ను చదివే బూమ్ బారియర్ పెట్టుకుంటారు; టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్‌ను చదివే పద్ధతే అది. వందల కార్లకు అది సరైనదే కాని, రెండు కార్లున్న ఇంటికి ఆ ఖర్చు దండగ.

కారులోని బటన్ అంటే ఏమిటి

అద్దం మీదనో, పైకప్పు లైటు దగ్గరనో, సన్‌వైజరు మీదనో ఇంటి బొమ్మతో కనిపించే ఈ బటన్లలో ఎక్కువ భాగం హోమ్‌లింక్ అనే పద్ధతికి చెందినవి. 2013లో జెంటెక్స్ సంస్థ దీన్ని జాన్సన్ కంట్రోల్స్ నుంచి కొనుక్కుంది. పేరు గొప్పగా ఉన్నా, అది చేసే పని మన చేతి రిమోట్ చేసేదే: ఒక రేడియో సంకేతాన్ని గాలిలోకి వదలడం. దానికి ఇంటర్నెట్‌తో గాని, సిమ్ కార్డుతో గాని సంబంధం లేదు. కారు బ్యాటరీ మీదే నడుస్తుంది కాబట్టి సెల్ మార్చే బాధ లేదు, పోగొట్టుకునే భయం లేదు, మూడు బటన్లకు మూడు వేర్వేరు గేట్లను నేర్పుకోవచ్చు. మన దేశంలో ఇది పై ధరల కార్లలో కొన్నింటికే, అందులోనూ కొన్ని వేరియంట్లకే వస్తుంది. కాబట్టి ఈ బటన్ కోసం పై వేరియంట్‌కు డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. కారులో ఎలాగూ ఉంటే వాడుకోవాలా వద్దా అన్నదే ఇక్కడి చర్చ.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. విశాఖలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు తక్కువేమీ కాదు. అక్కడి నుంచి అబ్బాయో అమ్మాయో ప్రేమగా ఒక వీడియో పంపుతారు. అందులో మోటారు మీద ఊదా రంగు బటన్ ఉంటే 315 మెగాహెర్ట్జ్ అనీ, ఎర్రదో నారింజదో అయితే 390 అనీ, పసుపుదైతే మరొక తరం అనీ చెబుతారు. అవన్నీ అక్కడ వాడుకలో ఉన్న ఛాంబర్లెయిన్, లిఫ్ట్‌మాస్టర్ మోటార్ల లెక్కలు. మన దేశంలో తక్కువ శక్తి రేడియో పరికరాలకు 433 నుంచి 434 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అక్కర్లేదు, ఇక్కడి గేటు రిమోట్లలో ఎక్కువ భాగం 433.92 మీదే నడుస్తాయి. ఆ వీడియో చూసి రంగు బటన్ కోసం మోటారు పెట్టెంతా వెతికిన వ్యక్తిని నేను స్వయంగా చూశాను. ఆయన మా బావగారే.

అసలు తేడా కోడ్‌లో ఉంది

బావగారి చేతి రిమోట్ వెనుక మూత తీస్తే, లోపల బియ్యపు గింజంత తెల్లని స్విచ్చులు ఎనిమిది వరుసగా కనిపించాయి. ఎనిమిదీ పైకే ఉన్నాయి; అంటే ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే బిగించారు. అదే నెలలో ఎదురింటివారు కూడా అదే మనిషి చేత అదే రకం మోటారు పెట్టించుకున్నారు. ఒక సాయంత్రం మా అక్కయ్య వీధి మలుపులో రిమోట్ నొక్కి, “ఏవండీ, మన గేటు మూసే ఉంది, ఎదురింటి వాళ్లది తెరుచుకుంటోందేమిటి?” అన్నదట. ఆ స్విచ్చుల అమరికే గేటు గుర్తుపట్టే కోడ్; రెండు స్థానాలున్న స్విచ్చులు ఎనిమిది ఉంటే వచ్చే కోడ్‌లు 256 మాత్రమే. వాటిలో ఒక్కటి కూడా మార్చకుండా వీధి పొడవునా అవే బిగించుకుంటూ పోతే ఇలా కాక మరెలా అవుతుంది! అమర్చిన మనిషికి ఫోన్ చేస్తే “రేంజి ఎక్కువైందండి” అని జవాబు వచ్చింది.

దీన్ని మారని కోడ్ అంటారు. స్విచ్చులు లేని చవక రిమోట్లలో చాలావరకు ఈవీ1527 రకం చిప్ ఉంటుంది. అందులో 20 బిట్ల కోడ్, అంటే పది లక్షలకు పైగా కోడ్‌లు, ఫ్యాక్టరీలోనే పడి వస్తాయి కాబట్టి పక్కింటి గేటు తెరుచుకునే తంటా ఉండదు. అయితే ఇదీ మారని కోడే. నొక్కిన ప్రతిసారీ అదే సంకేతం వెళుతుంది. కాపీ రిమోట్ అనే చిన్న వస్తువును దాని పక్కన ఒక్క నిమిషం పెడితే రెండో తాళంచెవి తయారవుతుంది. 2015లో సామీ కామ్‌కార్ అనే భద్రతా పరిశోధకుడు పిల్లల ఆటబొమ్మగా అమ్మిన ఒక చిన్న యంత్రాన్ని మార్చి, స్విచ్చుల రకం గ్యారేజి తలుపులను పది సెకన్లలోపు తెరిచి చూపించాడు. అందుకే, కారు బటన్ సంగతి తేలకముందే, మీది స్విచ్చుల రిమోట్ అయితే దాన్ని మార్చుకోమని నా మొదటి సలహా.

రెండోది మారే కోడ్. దీన్నే రోలింగ్ కోడ్ అంటారు. రిమోట్‌లో ఒక లెక్క ఉంటుంది, నొక్కిన ప్రతిసారీ అది ఒకటి పెరుగుతుంది, ఆ లెక్కను రహస్య సంఖ్యతో కలగలిపి పంపుతుంది. నిన్న పట్టుకున్న సంకేతం ఈ రోజు పనికిరాదు. 1995లో మైక్రోచిప్ సంస్థ చేతికి వచ్చిన కీలాక్ అనే పద్ధతి, దాని హెచ్‌సీఎస్301 చిప్ ఈ రకంలో చాలా ప్రచారం పొందాయి. పిల్లలు రిమోట్‌తో ఆడుతూ గేటుకు దూరంగా పదహారు సార్లకు మించి నొక్కితే, ఇంటికి వచ్చాక మొదటి నొక్కుకు గేటు పలకదు. వెంటనే మరోసారి నొక్కితే రిసీవరు లెక్క సరిచూసుకుని తెరుస్తుంది. రిమోట్ చెడిపోయిందనుకుని కొత్తది కొనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇప్పుడు కారు బటన్ దగ్గరికి వస్తే, చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. మారని కోడ్‌ను కారు బటన్ సులువుగా నేర్చుకుంటుంది, ఎందుకంటే విన్నది విన్నట్టు అప్పజెప్పడమే దాని పని. మారే కోడ్‌లో ఒక్కొక్క తయారీదారుకు ఒక్కొక్క రహస్య సంఖ్య ఉంటుంది. ఏ తయారీదారు ఆ వివరాన్ని కారు బటన్ చేసేవారితో పంచుకున్నాడో ఆ మోటారుతోనే అది కలుస్తుంది. పేరు పెద్దగా తెలియని బోర్డు మీద రోలింగ్ కోడ్ అని రాసి ఉన్నంత మాత్రాన కారు బటన్ దానితో మాట్లాడదు. అంటే, భద్రత లేని రిసీవరుతో కారు బటన్ హాయిగా కలిసిపోతుంది, భద్రత ఉన్న రిసీవరుతో కలవడానికి మారాం చేస్తుంది. మారాం చేసినా భద్రత ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

దారి లేకపోలేదు. గేటు కంట్రోల్ బోర్డు మీద గోడ స్విచ్ కలపడానికి రెండు టెర్మినళ్లు ఉంటాయి. ఆ రెండు తీగలను ఒక్క క్షణం కలిపితే గేటు కదులుతుంది. కారు బటన్‌తో కలుస్తుందని తయారీదారే చెప్పిన మారే కోడ్ రిసీవరును విడిగా తెచ్చి, దాని రిలే (స్విచ్‌లా పనిచేసే భాగం) తీగలను ఆ టెర్మినళ్లకు కలిపితే సరిపోతుంది. పాత రిసీవరును అలాగే ఉంచి పాత చేతి రిమోట్లను వాడుకోవచ్చు, అది మారని కోడ్‌ది కాకపోతేనే సుమా. మారని కోడ్‌దైతే దాన్ని తీసివేయకుండా కొత్తది పెట్టడం ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరిచి ఉంచడం లాంటిది. మోటారు మార్చనక్కర లేదు, గేటు మార్చనక్కర లేదు. కొత్త రిసీవరు కొనే ముందు కారుతో వచ్చిన పుస్తకంలో ఆ బటన్ ఏ ఫ్రీక్వెన్సీలకు పని చేస్తుందో చూసుకోవాలి. అమెరికా కోసం చేసినవి 288 నుంచి 433 మెగాహెర్ట్జ్ వరకు, ఐరోపా పద్ధతివి 433తో పాటు 868 కూడా పట్టుకుంటాయి.

నేర్పించే పద్ధతి

వివరాలు కారును బట్టి కొద్దిగా మారినా, వరుస ఒక్కటే. కారును గేటు బయట నిలిపి, ఇంజను ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచాలి. షట్టరు మూసిన గదిలో ఇంజను నడుపుతూ ఈ పని ఎన్నడూ చేయకూడదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. గేటు దారిలో పిల్లలు గాని, వీధి కుక్కలు గాని లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే నేర్పే సమయంలో గేటు రెండు మూడు సార్లు దానంతటదే కదులుతుంది. కారు సెకండ్ హ్యాండ్‌దైతే ముందుగా మూడింటిలో రెండు చివర్లా ఉన్న బటన్లను కలిపి, లైటు వేగంగా మిణుకు మిణుకుమనే దాకా, పది నుంచి ఇరవై సెకన్లపాటు నొక్కి పట్టి పాత జ్ఞాపకాన్ని చెరపాలి. బావగారి కారులో మొదటి బటన్‌కు ఎవరి గేటో అప్పటికే నేర్పి ఉంది. ఆ గేటు ఏ ఊళ్లో ఉందో, దాని యజమాని ఇప్పటికీ నిశ్చింతగా నిద్రపోతున్నాడో ఏమో!

తరువాత చేతి రిమోట్‌ను కారు బటన్‌కు రెండు మూడు అంగుళాల దూరంలో పట్టుకుని, రెండింటినీ ఒకేసారి నొక్కి ఉంచాలి. లైటు మొదట నెమ్మదిగా మిణుకుతుంది, సంకేతాన్ని గుర్తుపట్టాక వేగం అందుకుంటుంది. అప్పుడు రెండూ వదిలేయాలి. నెమ్మది దశలోనే ఆగిపోతే రిమోట్ సెల్ బలహీనంగా ఉందేమో చూడాలి. కొన్ని రిమోట్లు ఒకటి రెండు సెకన్లకు మించి సంకేతం పంపవు, వాటిని రెండు సెకన్లకొకసారి వదిలి నొక్కుతూ ఉండాలి. మారని కోడ్ అయితే పని ఇంతటితో అయిపోయింది. మారే కోడ్ అయితే సగమే అయింది: మోటారు బోర్డు మీదనో రిసీవరు మీదనో ఉండే లెర్న్ బటన్‌ను ఒక్కసారి నొక్కి, దాదాపు ముప్పై సెకన్లలోపు కారులోకి వచ్చి, నేర్పిన బటన్‌ను రెండు మూడు సార్లు నొక్కి వదలాలి. ఈ ముప్పై సెకన్లలో రెండు పనులూ ఒక్కరే చేయబోతే, మా బావగారిలా చెప్పు జారి పడే ప్రమాదం ఉంది. ఒకరు బోర్డు దగ్గర, ఒకరు కారులో ఉండడం ఉత్తమం.

చేతి రిమోట్, ఫోన్

కారులో బటన్ లేనివారు, ఉన్నా పై తిప్పలు వద్దనుకున్నవారు మారే కోడ్ రిసీవరుకు రెండు చేతి రిమోట్లు తీసుకుంటే చాలు; ఆ రిసీవరుకయ్యే ఖర్చు సాధారణంగా కారు ట్యాంకు ఒకసారి నింపేదాన్ని దాటదు. నిజానికి పది ఇళ్లలో ఎనిమిదింటికి నేను చెప్పేది ఇదే. స్కూటరు మీద వచ్చినా, నడిచి వచ్చినా, వేరే కారులో వచ్చినా చేతి రిమోట్ పనిచేస్తుంది. కారు బటన్ ఆ కారుకే అంటిపెట్టుకుని ఉంటుంది. రిమోట్‌ను డ్యాష్‌బోర్డు మీద వదిలేయడం మాత్రం మానుకోవాలి. మే నెలలో బీచ్ రోడ్డు పక్కన ఒక గంట ఎండలో నిలిపిన కారులో ఆ ప్లాస్టిక్కు వంగుతుంది, లోపలి సెల్ ఆయువు తగ్గుతుంది.

ఫోన్ పద్ధతులు రెండు. మొదటిది సిమ్ పెట్టిన చిన్న పెట్టె: దానికి నమోదు చేసిన నంబరు నుంచి ఫోన్ చేస్తే, ఎవరు చేశారో చూసి, ఫోన్ ఎత్తకుండానే కట్ చేసి గేటు తెరుస్తుంది, కాబట్టి కాల్ ఖర్చు ఉండదు. స్మార్ట్‌ఫోన్ లేని అమ్మమ్మ కూడా బటన్ల ఫోన్‌తో గేటు తెరవగలదు. పనమ్మాయి నంబరు చేర్చవచ్చు, మానేస్తే తీసేయవచ్చు. ఈ సౌకర్యం రిమోట్‌కు లేదు. కొనేటప్పుడు చూడవలసినది ఒక్కటే: పెట్టె 2జీకి మాత్రమే పనిచేసేదైతే జియో సిమ్ పనికిరాదు, ఆ సంస్థకు 2జీ నెట్‌వర్కే లేదు. సిమ్ రీచార్జి గడువు దాటిన రోజున గేటు మీ ఫోన్ ఎత్తదు, కట్ కూడా చేయదు.

రెండోది వైఫై పెట్టె. ఎక్కడి నుంచైనా గేటు తెరవవచ్చు, ఎప్పుడు తెరిచారో లెక్క ఉంటుంది. అయితే ఈ రకం పెట్టెల్లో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, ఇంట్లోని రౌటరు సంకేతం రెండు గోడలు దాటి గేటు దాకా చేరేసరికి నీరసపడుతుంది. పైగా వీధిలో కారు ఆపి, ఫోన్ తాళం తీసి, యాప్ తెరిచి, తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ కూర్చోవాలి, ఈలోగా వెనక ఆటో హారన్ మొదలవుతుంది. ఊళ్లో లేనప్పుడు కొరియర్ వాడికి గేటు తీయడానికి దీన్ని రెండో సాధనంగా పెట్టుకోవచ్చు. రోజువారీ వాడకానికి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

విశాఖలో ఉన్నవారు ప్రత్యేకంగా చూడవలసినవి

సీతమ్మధార ఎగువ వీధుల్లోనూ, విశాలాక్షినగర్‌లోనూ చాలా ఇళ్ల గేట్లు వాలు మీద ఉంటాయి. గేటు తెరుచుకునేదాకా వాలు మీద హ్యాండ్ బ్రేకు వేసి ఆగడం, మళ్లీ దాన్ని వదిలి కదలడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి, కారు మలుపు తిరగగానే గేటు కదలడం మొదలవ్వాలి. ఇక్కడ దూరం ముఖ్యం. వేడిని ఆపడానికి లోహపు పూత పూసిన ముందు అద్దం ఉన్న కార్లలో చేతి రిమోట్ సంకేతం కొంత తగ్గిపోతుంది. పక్క అద్దం దించి నొక్కితే తేడా తెలిసిపోతుంది. దూరం చాలదని మోటారును నిందించే ముందు రిసీవరు యాంటెన్నా చూడండి. 433.92 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 17 సెంటీమీటర్ల తీగ నిటారుగా ఉండాలి. అమర్చేవారు దాన్ని చుట్టగా చుట్టి ఇనుప పెట్టెలో కుక్కి మూత వేస్తారు. బావగారి ఇంట్లో నేను చేసినదల్లా ఆ చుట్ట విప్పి, పెట్టె అడుగు రంధ్రంలోంచి బయటికి తీసి, పీవీసీ గొట్టం ముక్కలో నిలబెట్టడం. గేటు ముందు నిలబడితే గాని పలకని రిసీవరు వీధి మలుపు నుంచి పలికింది. గేటు స్తంభం మీద చవకరకం ఎల్‌ఈడీ బల్బు ఉంటే, అది వెలిగే రాత్రిపూటే రిమోట్ మొరాయిస్తుంటే, ముందు ఆ బల్బును మార్చి చూడండి.

సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలి టెర్మినళ్ల మీద పచ్చని చిలుము పట్టిస్తుంది, వెచ్చదనానికి చీమలూ బల్లులూ కంట్రోల్ పెట్టెలో కాపురం పెడతాయి. వర్షాలు మొదలయ్యే ముందు ఏడాదికి ఒకసారి మూత తీసి, తుడిచి, తీగలు దూరే రంధ్రాలను సిలికాన్‌తో మూయించండి. ఇది ఏ ఎంపికకైనా తప్పదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన తరువాత చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అటువంటప్పుడు కారు బటన్, రిమోట్, సిమ్ పెట్టె అన్నీ ఒక్కటే. గేటు మోటారు కొనేటప్పుడు 24 వోల్టుల డీసీ రకం తీసుకుంటే బ్యాటరీ మీద కొన్నిసార్లైనా తెరుచుకుంటుంది. 230 వోల్టుల రకమైతే మోటారును గేటు నుంచి విడదీసే తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి; షట్టరుకైతే చేత్తో లాగే గొలుసు ఉండాలి. బావగారింట్లో ఆ తాళంచెవి మోటారు పెట్టె లోపలే, ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా, కొత్తగా మెరుస్తూ దొరికింది. ఇప్పుడది వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది.

బావగారికి చివరికి నేను పెట్టించినది ఇది: స్విచ్చుల రిసీవరు తీసివేసి, కారు బటన్‌తో కలిసే మారే కోడ్ రిసీవరు ఒకటి, అక్కయ్యకు, మేనల్లుడికి చేతి రిమోట్లు, పెద్దవాళ్ల కోసం సిమ్ పెట్టె. కారు బటన్ ఆయన సరదా కోసం. దాని విషయంలో ఒక్క షరతు మాత్రం పెట్టాను. కారును సర్వీసింగుకు ఇచ్చినా, హోటల్లో కారు పార్కు చేసే వ్యాలెట్ చేతికి ఇచ్చినా, గేటు తెరిచే బటన్ అద్దం మీదే ఉంటుంది, ఆ గేటు ఎక్కడుందో చెప్పే ఆర్సీ గ్లవ్ బాక్సులో ఉంటుంది. ఆర్సీని డిజిలాకర్‌లో చూపినా చెల్లుతుంది కాబట్టి, కాగితాన్ని ఇంట్లో పెట్టమన్నాను. చేతి రిమోట్ అయితే జేబులో వేసుకుని దిగవచ్చు. అద్దాన్ని ఊడదీసి జేబులో వేసుకోలేం. కారు అమ్మే రోజున, కాగితాల మీద సంతకాలకు ముందు, రెండు చివర్ల బటన్లనూ కలిపి ఇరవై సెకన్లు నొక్కి పట్టాలి, ఆ వెంటనే గేటు రిసీవరు జ్ఞాపకంలోంచి కూడా ఆ కారును తొలగించాలి.